రాయి రోడ్డుది, బిల్లు ఎవరిది?

రోడ్డు మీద రాయి వదిలేసి పోయినవాడెవరో ఎవరికీ తెలియదు. ఆ రాయి కారు కడుపుకు తగిలితే బిల్లు మాత్రం ఎవరో ఒకరి ఇంటికి చేరుతుంది. నేను చూసినంత వరకు ఆ బిల్లు నీళ్లలాంటిది. ఎప్పుడూ పల్లానికే పోతుంది. సర్కారు మీద నిలవదు, కాంట్రాక్టర్ మీద నిలవదు, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరికి పోనే పోదు. చివరికి జీతం తీసుకొని స్టీరింగ్ పట్టుకున్న మనిషి జేబులోకి వచ్చి ఆగుతుంది.

నా మాట ముందే సాఫ్‌గా చెప్పేస్తాను. రోడ్డు మీది రాయి వల్ల కారుకైన నుక్సాన్‌ను డ్రైవర్ జీతంలో కోయడం జుల్మ్. అది కానూన్‌కు నిలబడదు, ఇన్సాఫ్‌కు నిలబడదు. ఇంకో తమాషా ఏమిటంటే, హిసాబ్‌కు కూడా నిలబడదు. కోసిన మాలిక్ కూడా నష్టపోతాడు. ఎలాగో లెక్క వేసి చూపిస్తాను.

ఈ సంగతి ఇక్కడ రాయడానికి కారణముంది. మన ఖాందాన్‌లలో డ్రైవర్ లేని ఇల్లు ఎన్ని? మెకానిక్ లేని ఇల్లు, డెంటర్, పెయింటర్, ఏసీ గ్యాస్ నింపేవాడు లేని ఇల్లు ఎన్ని? ఇప్పుడు దుబాయ్, జెద్దా పోయొచ్చి పెద్ద కారు కొన్నవాళ్లు కూడా మనలో ఉన్నారు. మాలిక్ సీటులోనూ మనవాళ్లే, డ్రైవర్ సీటులోనూ మనవాళ్లే, కారు కింద పడుకొని చూసే ఉస్తాద్ కూడా మనవాడే. కాబట్టి ఈ మాట ముగ్గురికీ.

మా ఖాలా పెద్ద కొడుకుది తెలకపల్లి. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక పెద్దమనిషి దగ్గర డ్రైవర్. నెలకు 22,000. ఆ మాలిక్‌కు ఖరీదైన హైబ్రిడ్ కారు ఉంది. మాలిక్ ఎవరో, కారు ఏ కంపెనీదో రాయను. యాసంగి కోతలప్పుడు మాలిక్ కుటుంబంతో మా వైపు జమీన్ చూడటానికి వచ్చాడు. తిరిగి పోయేసరికి మగ్రిబ్ దాటింది. తెలకపల్లి దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా కుప్పల చుట్టూ రాళ్లు పేర్చడం మా వైపు మామూలే. ఒక చోట కుప్ప ఎత్తేశారు, రాళ్లు వదిలేశారు. ఎదురుగా బైకు మీద ముగ్గురు. కుడికి తిప్పితే బైకు. ఎడమకు తిప్పితే వడ్లు, వాటి పక్కనే దుప్పటి కప్పుకొని పడుకున్న రైతు. భాయ్ గట్టిగా బ్రేకేసి, రాయిని రెండు చక్రాల మధ్యకు తీసుకున్నాడు. మనుషులు బతికారు. కారు కింద మాత్రం పెద్ద చప్పుడైంది. కాసేపటికి డాష్‌బోర్డు మీద హైబ్రిడ్ సిస్టం చూపించుకోమని హెచ్చరిక వచ్చింది. భాయ్ కారు పక్కకు ఆపి, స్విచాఫ్ చేసి, టోయింగ్ బండి పిలిపించాడు. ఇంతకన్నా సరిగ్గా ఏ డ్రైవరైనా ఏం చేస్తాడు?

వర్క్‌షాప్ ఎస్టిమేట్ 2,40,000. మాలిక్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయలేదు. "చేస్తే బోనస్ పోతుంది" అన్నాడు. "సగం నేను పెట్టుకుంటా, సగం నువ్వు కట్టు. నెలకు 5,000 కోసుకుంటా" అని ఫైసలా చేశాడు. అంటే 24 నెలలు. అదీ ఎహసాన్ చేసినట్టు చెప్పాడు. భాభీ తన లచ్ఛా అమ్మి ఒక్కసారే కట్టేద్దామంది. "రెండేళ్లు మాట పడే కంటే అదే నయం" అంది. "క్యా కరూ భాయ్, నౌకరీ పోతే ఈ వయసులో ఎవడిస్తాడు?" అన్నాడు నాతో. పన్నెండేళ్లలో ఒక్క గీత పడనీయని మనిషి.

రాయి తగిలితే రెండు లక్షల నలభై వేలా అని ఖాలా నమ్మలేదు. నమ్మకపోవడంలో వింత లేదు. మనకు తెలిసిన కారు కింద సైలెన్సర్ వంగితే సుత్తితో సరిచేస్తారు, ఆయిల్ చాంబర్ పగిలితే వెల్డింగ్ పెడతారు. హైబ్రిడ్ కారు సంగతి వేరు. దానికి పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు, పెద్ద బ్యాటరీ ఉంటాయి. చాలా సెడాన్లలో ఆ బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. మోటారు, దానికి కరెంటు పంచే ఇన్వర్టర్ ముందు బానెట్ కింద ఉంటాయి. ఈ రెండింటినీ కలిపే లావాటి నారింజ రంగు కేబుల్ కారు ఫ్లోర్ కింద నుంచి పోతుంది. పెద్ద కార్లలో ఆ బ్యాటరీ దగ్గరే 200 వోల్టుల పైన ఉంటుంది. మన ఇంటి ప్లగ్గులో వచ్చేది 230. మోటారుకు చేరేసరికి చాలా మోడళ్లలో అది 600 దాటుతుంది. ఈ కేబుల్ మీద తొడుగు చీలితే టేపు చుట్టి నడపడానికి లేదు, మధ్యలో కోసి అతకడానికి లేదు. సెట్టు మొత్తం మార్చాలి.

ఏసీ సంగతి కూడా అంతే. మామూలు కారులో ఏసీ కంప్రెసర్ ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. ఈ కార్లలో హైవోల్టేజ్ కరెంటుతోనే తిరుగుతుంది. అందుకని దానిలో పోసే ఆయిల్ కరెంటు పారనివ్వని రకం. మామూలు కారు ఏసీ ఆయిల్ అందులో కలిస్తే ఇన్సులేషన్ పడిపోయి, కారు తనంతట తానే ఫాల్ట్ చూపిస్తుంది. రాయి తగిలి ఏసీ పైపు పగిలితే బజారులో గ్యాస్ నింపించి పంపేయడం కుదరదు. ఇక గేర్‌బాక్స్, మోటారు కలిసి ఉండే డబ్బా అల్యూమినియంది. దెబ్బకు వంగదు, పగులుతుంది. ఇన్ని విలువైన వస్తువులను రోడ్డు నుంచి కాపాడేది ముందు భాగంలో ఒక ప్లాస్టిక్ కవరు. రోడ్డుకు, కారు కడుపుకు మధ్య ఖాళీ ఇలాంటి సెడాన్లలో దాదాపు ఆరు అంగుళాలు. నలుగురు కూర్చొని డిక్కీ నిండితే ఇంకా తక్కువ.

ఇది మన ఒక్కరి ముసీబత్ కాదు. 2023లో కెనడాలోని వ్యాంకోవర్‌లో ఒక ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ కింది కవరుకు చిన్న దెబ్బ తగిలితే, బ్యాటరీ మార్చాలని 60,000 కెనడా డాలర్ల ఎస్టిమేట్ ఇచ్చారు. కొత్త కారు కొన్న ధర అంతకన్నా తక్కువ. కరెంటు బండ్లు పెరిగేకొద్దీ కారు కింది దెబ్బ ఇంకా ఖరీదవుతుంది. అందుకే ఈ బిల్లు ఎవరిది అన్న సవాల్ ఇప్పుడే తేల్చుకోవాలి.

ఇప్పుడు మాలిక్ చెప్పిన బోనస్ సంగతి చూద్దాం. మన దేశంలో బండికి తప్పనిసరి ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే. అది ఎదుటివాడికి జరిగిన నష్టానికి. సొంత బండి నష్టానికి ఓన్ డ్యామేజ్ కవరు కావాలి. పెద్ద కార్లకు అది దాదాపు అందరూ తీసుకుంటారు. రోడ్డు మీది రాయి తగలడం బయటి వస్తువుతో జరిగిన ప్రమాదం, దానికి కవరు ఉంటుంది. లైసెన్సు ఉన్న డ్రైవర్ నడిపినా ఉంటుంది. క్లెయిమ్‌లేని ఏళ్లకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడుతుంది. మాలిక్ భయం ఇదే.

ఆ కారు కొని మూడేళ్లు దాటింది, నాలుగు నిండలేదు. ఈ వయసు కారుకు లోహ భాగాల మీద 25 శాతం, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీల మీద 50 శాతం తరుగు కోస్తారు. 1500 సీసీ దాటిన కారుకు మొదటి 2,000 యజమానే పెట్టుకోవాలి. బిల్లును మోటుగా ఇలా పంచుకుందాం. ప్లాస్టిక్ సామాను 40,000 అయితే అందులో 20,000 వస్తుంది. మిగతా సామాను 1,40,000 అయితే 25 శాతం పోను 1,05,000 వస్తుంది. లేబర్ 60,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 1,85,000. అందులో 2,000 తీసేస్తే 1,83,000. అంటే మాలిక్ జేబు నుంచి పోయేది 57,000. వచ్చే ఏడాది 45 శాతం రావాల్సిన బోనస్ పోతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 40,000 అనుకుంటే ఆ నుక్సాన్ 18,000. తర్వాతి ఏళ్లలో బోనస్ మళ్లీ మెట్లెక్కే దాకా వచ్చే తేడా ఇంకో 25,000 అనుకుందాం. అంతా కలిపితే లక్ష.

మాలిక్ చేసిన ఫైసలాలో ఆయన వాటా ఎంత? 1,20,000. అంటే బోనస్ కాపాడుకుంటున్నానని చెప్పి ఆయన 20,000 ఎక్కువ పోగొట్టుకున్నాడు. దాని మీద ఒక గరీబు ఇంట్లో 1,20,000 కోశాడు. కంపెనీ నుంచి రావాల్సిన 1,83,000 వదిలేశాడు. తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ కవరు ఉంటే ఆయన ఖర్చు ఇంకా తగ్గేది. అంకెలు కారు కారుకూ మారతాయి, నేను ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారి పాలసీ కాగితం తెరిచి లెక్క వేయకుండా డ్రైవర్ జీతం మీద చేయి వేయడాన్ని ఏమనాలి? అలవాటు అనాలి. చేతికి దగ్గరగా ఉన్నవాడి మెడ పట్టుకోవడం అలవాటు.

కొందరు అంటారు, "మరి డ్రైవర్ చూసుకొని నడపొద్దా?" అని. సవాల్ వాజిబే. తాగి నడిపినా, ఫోను చూస్తూ నడిపినా, వద్దన్న దారిలో తోలినా అది నిర్లక్ష్యం. దానికి జవాబు చెప్పాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఈ తేడా రాసి పెట్టారు. పనివాడి నిర్లక్ష్యం వల్ల నేరుగా జరిగిన నష్టానికే జీతం కోయాలి, కోసే ముందు అతని మాట వినాలి, నష్టం విలువ కన్నా ఎక్కువ కోయకూడదు అని. 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ పనివాడి మాట వినకుండా కోయకూడదనే ఉంది. ఇళ్లల్లో పనిచేసే డ్రైవర్ల దాకా ఈ కాగితాలు చేరడం అరుదు. అయినా అందులోని ఉసూల్ ఎవరి ఇంటికైనా పనికొస్తుంది. ముందు గలతీ ఉందో లేదో తేల్చు. తర్వాత అతని మాట విను. ఆ తర్వాతే పైసల మాట. చీకట్లో ముగ్గురిని బైకు మీద, ఒకరిని రోడ్డు పక్కన బతికించి రాయిని కారు కిందికి తీసుకున్నవాడి గలతీ ఏమిటి? ఆ క్షణంలో ఆయన కారును కాపాడాలని ఎటో ఒక వైపు తిప్పి ఉంటే మాలిక్ ఇవాళ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఉండేవాడు.

మరి రాయి పెట్టిన రైతును పట్టుకోవాలా? భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ప్రకారం బాటలో జనానికి ప్రమాదం, అడ్డంకి కలిగించినవాడికి 5,000 దాకా జుర్మానా వేయొచ్చు. పాత ఐపీసీలో అది 200 మాత్రమే. కానీ రైతును దొంగను చేసి నేను ఈ వ్యాసం ముగించలేను. కల్వకుర్తి లిఫ్ట్ నీళ్లు వచ్చాక మా నాగర్‌కర్నూల్ వైపు వరి పెరిగింది. వడ్లు కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషన్ కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. ఎక్కడ ఆరబోయాలి? ఇంటి ముందు జాగా లేదు, ఊరికి సరిపడా కల్లాలు లేవు. ఉపాధి హామీ పైసలతో కల్లాలు కడితే, ఆ పైసలు తిరిగి ఇమ్మని 2022లో కేంద్రం అడిగింది, రాష్ట్రం ఇవ్వనంది, కొట్లాట అయింది. ఆ కొట్లాటలో వడ్లు మళ్లీ రోడ్డు మీదికే వచ్చాయి. తారు రోడ్డు ఎండకు కాలుతుంది, వడ్లు తొందరగా ఆరతాయి. రైతుది మజ్బూరీ.

మజ్బూరీ వడ్లు పోయడం దాకానే. వడ్లు ఎత్తాక రాళ్లు వదిలేయడంలో మజ్బూరీ లేదు. సంచులు లారీకి ఎక్కించిన చేతులు పది రాళ్లను పక్కకు జరపలేవా? టైరు పేలితే లారీ జారకుండా చక్రం వెనక రాయి పెట్టి, బాగుచేసుకొని, రాయిని అక్కడే వదిలేసి పోయే డ్రైవర్‌కు ఏం మజ్బూరీ? కంకర నింపి, పైన పరదా కప్పకుండా, గుంత గుంతకూ రాళ్లు రాలుస్తూ పోయే టిప్పర్ మాలిక్‌కు ఏం మజ్బూరీ? బరువు మించి లోడు వేస్తే 2019 సవరణ తర్వాత జుర్మానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. బాడీ బయటికి, పరిమితి దాటి ఎత్తుకు లోడు పెట్టినా 20,000. కాగితం మీద ఉన్న ఈ జుర్మానా క్రషర్ గేటు దగ్గర కనిపిస్తే రోడ్డు మీద రాళ్లు సగం తగ్గుతాయని నా నమ్మకం. పొలంలో దమ్ము చేసే ఇనుప చక్రాలతోనే తారు రోడ్డెక్కే ట్రాక్టర్లు రోడ్డును గీరి, చిప్పలు లేపి పోతాయి. ఆ చిప్పలే తర్వాత గుంతలు, ఆ గుంతల్లోని కంకరే తర్వాత కారు కిందికి ఎగిరే రాళ్లు.

బాటలో నుంచి హాని చేసే వస్తువును తీసేయడం కూడా ఈమాన్‌లో ఒక భాగమని మనం చిన్నప్పుడే మక్తబ్‌లో నేర్చుకున్నాం. అది ముల్లు గురించే కాదు, వడ్ల కుప్ప రాయి గురించి కూడా. జుమ్మా బయాన్‌లో ఇమాం సాహెబ్ కోతల కాలంలో ఒక్కసారి ఈ మాట చెబితే, మన రైతులు, మన లారీ డ్రైవర్లు వింటారు. ఊళ్లో కోతలప్పుడు దండోరా వేయించడం పంచాయతీకి ఎంత ఖర్చు?

ఎందుకంటే కారు కింద 2,40,000 బిల్లు చేసిన రాయి, బైకు ముందు చక్రం కిందికి వస్తే బిల్లు ఉండదు, జనాజా ఉంటుంది. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతానికి పైన రెండు చక్రాల బండ్ల మీద వెళ్లినవాళ్లు. పెద్ద కార్లవాళ్ల బాధలు మనకెందుకు అని అనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. రాయి ఒకటే. ఒకరికి వర్క్‌షాప్, ఒకరికి కబరస్తాన్.

ఇక సర్కారు సంగతి. పెద్ద హైబ్రిడ్ కారు మీద చాలా ఏళ్లు జీఎస్టీ 28 శాతం, సెస్సు 15 శాతం కలిపి 43 శాతం వసూలు చేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. దాని మీద రాష్ట్రానికి లైఫ్ ట్యాక్స్, పెట్రోల్ మీద పన్ను, హైవే ఎక్కితే టోల్. ఇంత తీసుకున్నాక రోడ్డు వల్ల కారు పాడైతే సర్కారు జిమ్మేదారీ ఎంత? మోటారు వాహనాల చట్టంలో 2019లో 198ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేకపోతే కాంట్రాక్టర్‌కు, సంబంధిత అధికారికి లక్ష దాకా జుర్మానా. బాగుంది. కానీ అది మనిషి చనిపోతేనో, వికలాంగుడైతేనో వర్తిస్తుంది. బండి పాడైతే వర్తించదు. ప్రాణం పోయాక లక్ష, బండి పోతే సున్నా.

కోర్టులు అప్పుడప్పుడు కళ్లెర్రజేస్తాయి. 2013 నుంచి 2017 వరకు గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మండిపడింది. 2025 అక్టోబర్‌లో బాంబే హైకోర్టు గుంతల వల్ల చనిపోయినవాళ్ల కుటుంబాలకు 6 లక్షలు, గాయపడినవాళ్లకు 50,000 నుంచి 2,50,000 ఇవ్వాలంది. అదే ఏడాది ఆగస్టులో కేరళ హైకోర్టు పాలియెక్కర దగ్గర పాడైన హైవేకు టోల్ వసూలు ఆపించింది. ఎన్‌హెచ్‌ఏఐ సుప్రీంకోర్టుకు పోయినా అప్పుడు పని కాలేదు. రోడ్డు సరిగా లేకపోతే పైసలు అడిగే హక్ లేదన్న మాట వినడానికి బాగుంది. తెలకపల్లి రోడ్డు మీద టోల్ లేదు, ఆపడానికి ఏమీ లేదు. హైవే మీద రాయి కనిపిస్తే 1033కు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి రావాలి. మా మండలం రోడ్డు మీద రాయి కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఆర్ అండ్ బీ వాళ్లదో, పంచాయతీరాజ్ వాళ్లదో రోడ్డు ఎవరిదన్నది తేలేలోపు రెండు బండ్లు దాని మీద నుంచి పోతాయి. ప్రతి మండల రోడ్డు మొదట్లో ఆ రోడ్డు ఎవరి జిమ్మేదారీయో, ఫోన్ నెంబర్ ఏదో రాసిన బోర్డు పెట్టమని అడుగుదాం. గ్రామసభలో అడగడానికి ఇది పెద్ద కోరిక కాదు.

మూడో మాట మన ఉస్తాద్‌లకు. ఈ బిల్లు పెరగడానికి ఇంకో కారణం, బయటి మెకానిక్ చేతికి ఈ కారు పోకపోవడం. కంపెనీలు సామాను, మాన్యువల్, సాఫ్ట్‌వేర్ బయటివాళ్లకు ఇవ్వవన్న ఫిర్యాదు పాతదే. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల జుర్మానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, కార్లు కూడా అందులో ఉన్నాయి. అయినా రిపేర్ మాన్యువల్ మన గల్లీ దాకా రాలేదు.

మనవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. నలభై ఏళ్లు ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పిన ఉస్తాద్ హునర్‌కు నేను సలాం చేస్తాను. కానీ నారింజ రంగు కేబుల్ చప్పుడు చేయదు. సర్వీస్ ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, ఇన్సులేటెడ్ గ్లౌజులు తొడుక్కొని, మీటర్‌తో కరెంటు లేదని చూసుకున్నాకే దాన్ని ముట్టుకోవాలి. తెలియకుండా చేయి పెడితే ప్రాణం పోతుంది. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన పథకం కింద రాష్ట్రంలో 65 ఐటీఐలను కొత్త టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామన్నారు. ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ ట్రేడ్ కూడా ఇప్పుడు ఐటీఐలలో ఉంది. గ్యారేజీలో ఉన్న షాగిర్ద్‌ను అటు పంపండి. పదేళ్ల తర్వాత కారు కింద పడుకునే హక్ మనవాళ్లకు మిగలాలంటే వేరే దారి లేదు.

ఇక పని చేసే మాటలు కొన్ని. డ్రైవర్ భాయ్‌లారా, కారు కింద చప్పుడైతే మర్యాదకో, భయానికో నడుపుతూ పోవద్దు. ఆపి కిందికి చూడండి. ఆయిల్, కూలెంట్ కారుతున్నా, హెచ్చరిక దీపం వెలిగినా స్విచాఫ్ చేసి టోయింగ్ పిలిపించండి. దెబ్బ తగిలిన నష్టానికి ఇన్సూరెన్స్ ఇస్తుంది. ఆయిల్ లేకుండా నడిపి ఇంజన్ పట్టేస్తే మాత్రం, ఇంజన్ ప్రొటెక్ట్ కవరు లేకపోతే ఇవ్వదు. మీ మీద నిజంగా మాట వచ్చేది అక్కడే. రాయి ఫోటో, రోడ్డు ఫోటో, కారు కింది ఫోటో, టైము, లొకేషన్ అక్కడికక్కడే మాలిక్‌కు పంపండి. రేపు మీ గవాహీ అదే.

మాలిక్‌లారా, కారు కొన్నప్పుడు సీటు కవర్ల మీద పెట్టే ధ్యాస పాలసీ కాగితం మీద పెట్టండి. జీరో డిప్రిసియేషన్, ఇంజన్ ప్రొటెక్ట్, కూలెంట్, ఆయిల్ ఖర్చులిచ్చే కవరు, బోనస్ కాపాడే కవరు ఉన్నాయో లేదో చూడండి. హైబ్రిడ్ బ్యాటరీ సంగతి ప్రత్యేకంగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. కంపెనీ క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలో తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. డ్రైవర్‌ను పనిలో పెట్టుకునే రోజే ఒక్క మాట చెప్పండి: "రోడ్డు వల్ల అయిన నుక్సాన్ నాది, నీ నిర్లక్ష్యం వల్ల అయితే కూర్చొని మాట్లాడుకుందాం." ఈ మాటతో మీకు పైసా ఖర్చు లేదు. ఆ డ్రైవర్ చీకటి రోడ్డు మీద కారును కాకుండా మనుషులను కాపాడటానికి వెనకాడడు. వెనక సీటులో కూర్చునేది మీ పిల్లలే.

భాయ్ జీతంలో కోత ఇంకా నడుస్తూనే ఉంది. నేను ఈ లెక్క మొత్తం ఒక కాగితం మీద రాసిచ్చాను. మాలిక్‌కు చూపించమన్నాను. ఆయన ఇంకా జేబులోనే పెట్టుకొని తిరుగుతున్నాడు. చూపించడానికి ధైర్యం చాలడం లేదు. తన తప్పు లేదని చెప్పుకోవడానికి ఒక మనిషి ఇంతగా భయపడుతున్నాడంటే రోడ్డు మీది రాయి కన్నా పెద్ద రాయి ఇంకెక్కడో ఉంది. మీ ఇంట్లో డ్రైవర్ ఉంటే, ఆ కాగితం ఆయన చూపించే దాకా ఆగకండి. మీరే అడగండి.